భాష మార్చుకొమ్మనుట మరమ్మతు కాదు

ఒడిశా ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖా కార్యదర్శి గారికి రాయగడ నుండి బహిరంగ లేఖ

మహోదయా,

కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న భాషలలో దేనియందైనను తన కష్టమును ప్రభుత్వాధికారికి నివేదించుకొను హక్కు ప్రతి వ్యక్తికిని కలదని భారత రాజ్యాంగము 350వ అధికరణమున నిర్దేశించియున్నది. ఆ హక్కును ఆధారముగా గొని, రాయగడ పట్టణమున కంప్యూటర్ల మరమ్మతే వృత్తిగా జీవించుచున్న నేను ఈ లేఖను నా మాతృభాషలో వ్రాయుచున్నాను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా అవతరించు వరకు కొరాపుట్, జయపురము, రాయగడ సీమలు మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో అంతర్భాగములై యుండెను. పాలన మారినను ప్రజలు మారలేదు గనుక, నేటికిని కొరాపుట్, రాయగడ జిల్లాల సంతలలో ఒడియాయును తెలుగును, కువియును సవరయును, గదబయును దేశియాయును వినవచ్చుచునే యున్నవి. బేరములాడుకొనునప్పుడు ఈ భాషల నడుమ ఎవ్వరికిని ఏ చిక్కును కలుగుట లేదు. ఆ మనుష్యులే తమ చేతనున్న యంత్రములను తమ భాషలోనికి మార్చుకొనినప్పుడు కలుగు చిక్కులను గూర్చియు, వానిని విప్పుటకు మీ శాఖ చేయదగిన పనిని గూర్చియు విన్నవించుటకే ఈ లేఖ.

నా దుకాణమునకు వచ్చువారు సామాన్యముగా "బాబూ, కంప్యూటరు బాగానే ఉంది, ఈ ఒక్క ప్రోగ్రామే తెరుచుకోవటం లేదు" అని మొదలుపెట్టుదురు. కొంచెము విచారించినంతనే, బడికి పోవు కుమార్తె సౌకర్యము కొఱకు యంత్రమును తెలుగులోనికి మార్చితినని తండ్రి చెప్పును. ఒడియా మీది మమకారముచే తన పేరును ఒడియా అక్షరములలో నమోదు చేసికొంటినని గుమాస్తా చెప్పును. అప్పటికే వారు ఏదో యొక సహాయ కేంద్రమునకు ఫోను చేసి, "భాష ఇంగ్లీషుకు మార్చేయండి, సరిపోతుంది" అను సమాధానమును పొందియుందురు. ఆ ఉపాయము తఱచుగా ఫలించును. ఫలించుచున్నది గనుకనే దానిని చికిత్సయని అందఱును నమ్మియున్నారు. నమ్మినందువలననే అసలు లోపము ఏండ్ల తరబడి ఎక్కడిదక్కడ నిలిచియున్నది.

భాషను మార్చి చూచుటను నేను నిరసించుట లేదు. వైద్యుడు నాడిని పట్టి చూచినట్లు నేనును ముందుగా చేయునది ఆ పనియే: యంత్రమును తాత్కాలికముగా ఇంగ్లీషులోనికి మార్చి, అదే ప్రోగ్రామును అదే దస్త్రముతో తెరచి చూతును. అప్పుడది పనిచేసినచో తప్పు హార్డ్‌డిస్కులో లేదనియు, వైరసు వలన కలిగినది కాదనియు, లోకములోని యంత్రములన్నియు ఇంగ్లీషునే మాటాడునని ప్రోగ్రామును వ్రాసినవారు చేసికొన్న ఊహలో కలదనియు తేలును. కాని నాడిని చూచుటతో వైద్యము ముగియదు. ఆ ఊహ పేరులో దాగియున్నదో, తేదీలో దాగియున్నదో, దస్త్రమును చదువు పద్ధతిలో దాగియున్నదో, తెరపై అక్షరమును చిత్రించు భాగములో దాగియున్నదో కనిపెట్టి, ఆ చోటును దిద్ది, మనిషి కోరుకొన్న భాషను మరల అతనికి అప్పగించినప్పుడే మరమ్మతు పూర్తియైనదని నా దృఢమైన అభిప్రాయము.

వీనిలో మిక్కిలి తఱచుగా ఎదురగునది పేరు వలని చిక్కు. విండోస్ యంత్రమును మొదటిసారి సిద్ధపఱచునప్పుడు యజమాని తన పేరును తెలుగులో గాని ఒడియాలో గాని వ్రాసికొన్నచో, అతని దస్త్రములన్నియు నివసించు ఫోల్డరు ఆ పేరుతోనే ఏర్పడును. విండోస్ యూనికోడు నెఱిగినది గనుక ఆ పేరును నిరాటంకముగా భద్రపఱచుకొనును. పాతపద్ధతిని వ్రాయబడిన ప్రోగ్రాము మాత్రము ఆ ఫోల్డరు చిరునామాను యూనికోడులో నడుగక, కోడ్ పేజీ యనబడు పూర్వకాలపు అక్షరపట్టిక ద్వారా అడుగును. రష్యనునకు, గ్రీకునకు, జపనీయ భాషకు అట్టి పట్టికను యంత్రమంతటికిని వర్తించునట్లు ఎంచుకొను వీలు విండోసులో కలదు. తెలుగునకు, ఒడియాకు, హిందీకి ఆ వీలు ఎన్నడును కల్పింపబడలేదు, ఏలయన ఈ భాషలు విండోసులోనికి యూనికోడుతోనే ప్రవేశించినవి. పట్టికలో స్థానము లేని ప్రతి యక్షరమునకును బదులుగా ఒక ప్రశ్నార్థకచిహ్నము వచ్చి చేరును. ఆ చిహ్నమో, ఫోల్డరు పేర్లలో నుండరాదని విండోసు నిషేధించిన గుర్తులలో నొకటి. కావున ఆ ప్రోగ్రాము, ఉండుటకే వీలులేని చిరునామాను వెదకుకొనుచు పోయి, దారి కనబడలేదని తిరిగివచ్చును. యంత్రము "పాత్ నాట్ ఫౌండ్" అని చెప్పి ఊరకుండును.

ఇట్టి స్థితిలో పరీక్షల ముందు నా యొద్దకు వచ్చిన యొక విద్యార్థిని, తన పేరు తెలుగులో నుండుటయే నేరమని ఎవరో చెప్పగా, యంత్రమునంతయు చెఱిపి మరల నింపింపవలెనని నిశ్చయించుకొని వచ్చినది. అంత పని లేదు. ఇంగ్లీషు అక్షరములతో మఱియొక ఖాతాను తెరచి, దస్త్రములను అందులోనికి చేర్చి, ఆ పిమ్మట ఖాతా పేరును తెలుగులోనికి మార్చుకొన్నచో చాలును. పైకి కనబడు పేరు మారినను మొదట ఏర్పడిన ఫోల్డరు పేరు మారదు గనుక, తెరపై ఆమె పేరు ఆమె లిపిలోనే యుండును, పాత ప్రోగ్రాములును నడచును. విండోస్ 10లో 2018 నుండి, యూనికోడెఱుగని ప్రోగ్రాములకు భాష నిర్ణయించు చోటనే, యంత్రమంతటికిని యూటీఎఫ్-8 అను యూనికోడు రూపమును వర్తింపజేయు వెసులుబాటు కూడ ఏర్పడినది. అది ఇంకను పరీక్షాదశలోనిదని అక్కడనే వ్రాయబడియున్నది. దానిని పెట్టినంతనే కొన్ని ప్రాత ప్రోగ్రాములు తలక్రిందులగుట కలదు. బిల్లులను ముద్రించు పురాతనమైన ప్రోగ్రాములున్న కార్యాలయములలో దానిని ముందు ఒక్క యంత్రముపై పరీక్షించి చూడకుండ అన్నిటికిని పెట్టరాదు.

రెండవ చిక్కు జాబితాలది. లబ్ధిదారుల పేర్లతో కార్యాలయముల నుండి వచ్చు సీఎస్‌వీ దస్త్రమును ఎక్సెల్‌లో తెరచినంతనే ఒడియా పేర్లు గాని తెలుగు పేర్లు గాని మాయమై, వాని స్థానమున నెత్తిపై గీటు గల లాటిన్ 'ఏ' అక్షరములు, గుర్తులు బారులు తీరి కనబడును. గుమాస్తా భయపడి, దస్త్రము చెడిపోయినదని క్రొత్తది పంపుమనును; క్రొత్తదియు అట్లే తెరచుకొనును. ఇక్కడ జరిగినది ఏమనగా: యూటీఎఫ్-8లో మన అక్షరము ఒక్కొక్కటి మూడు బైట్లను ఆక్రమించును, ఎక్సెల్ వానిని పాశ్చాత్య భాషల కోడ్ పేజీతో చదివి, బైటుకొక గుర్తు చొప్పున మూడు గుర్తులను చూపును. మొదటి బైటు 224. అదియే ఆ గీటు 'ఏ'. రెండవ బైటును చూచి మూలభాషను చెప్పవచ్చును. తెలుగైనచో అది 176 గాని 177 గాని యగును, అనగా ఉష్ణోగ్రతకు వాడు చిన్నసున్నయో, కూడిక తీసివేతలు కలిసిన గుర్తో కనబడును. ఒడియాయైనచో 172 గాని 173 గాని. మొదటిది వంగిన చిన్నగీత, రెండవది తఱచుగా కంటికే కనబడని హైఫను. హిందీయైనచో 164, 165; వీనిలో రెండవది జపాను నాణెపు గుర్తు. ఈ మూడు జాడలను ఎఱిగిన పనివాడు ఏ ఫాంటును వేయకయే, ఏ ప్రోగ్రామును తెరువకయే, చెదరిన ఆ వరుస ఏ భాషలో పుట్టినదో చూపుతోనే చెప్పగలడు.

గీటు 'ఏ'లు కనబడినంతవఱకు అక్షరము బ్రతికియున్నదని అర్థము. ఎక్సెల్‌లోని డేటా విభాగము ద్వారా దస్త్రమును దిగుమతి చేసికొని, 65001 అను సంకేతమును, అనగా యూటీఎఫ్-8ను, ఎంచుకొన్నచో పేర్లన్నియు యథాస్థానమున ప్రత్యక్షమగును. కాని ఆ గుర్తుల రూపముననే నాలుగు మార్పులు చేసి భద్రపఱచినచో చెడుగు స్థిరపడును. ఇక ప్రశ్నార్థకచిహ్నములు వరుసగా కనబడినచో అక్షరము అప్పటికే నశించినది. ఏ నేర్పును దానిని తిరిగి తేజాలదు, మూలదస్త్రమునకే పోవలయును. ఈ రెండింటికిని గల భేదమును ప్రతి మో సేవా కేంద్రములోను పనిచేయు యువకునకు ఒక్క పూటలో నేర్పవచ్చును. అది నేర్పకపోవుటచే ఎంతమంది వృద్ధుల పేర్లు జాబితాలనుండి జాఱిపోవుచున్నవో తలచుకొన్న నాకు బాధ కలుగుచున్నది.

పేరు పొడవును గూర్చియు ఒక మాట. రామలక్ష్మి అను పేరు మన కంటికి నాలుగక్షరములు. యూనికోడులో పది సంకేతములు. యూటీఎఫ్-8లో ముప్పది బైట్లు. ఇంగ్లీషు పేర్లను మనసులో నుంచుకొని ఇరువది బైట్ల గడిని కట్టిన ప్రోగ్రాము ఆ పేరును "రామలక్" అనుచోట తెగగొట్టి, తరువాతి యక్షరములో మూడింట రెండువంతులను మాత్రమే నిలిపి, చివర ఒక ఖాళీ డబ్బాను చూపును. ఆమె తన పేరును తప్పుగా వ్రాసినదని దరఖాస్తు త్రిప్పివేయుట న్యాయమా?

తేదీల సంగతి అంతకంటెను మోసకరమైనది. రాయగడ జిల్లా 1992 అక్టోబరు 2వ తేదీన కొరాపుట్ నుండి విడివడి ఏర్పడినది. మనము దానిని 02-10-1992 అని వ్రాయుదుము. ప్రాంతపు అమరిక అమెరికా పద్ధతిలో నున్న యంత్రము దానిని ఫిబ్రవరి 10గా చదివికొని, ఏ ఫిర్యాదును చేయక, ఏ ఎర్రరును చూపక ముందుకు పోవును. పండ్రెండవ తేదీ దాటినప్పుడు మాత్రమే పదమూడవ నెల లేదు గనుక అది ఆగి, తేదీ తప్పని చెప్పును. అందుచే ఒకే జాబితాలో కొన్ని జన్మదినములు మౌనముగా మారిపోయి, కొన్ని మాత్రము ఎర్రరుగా బయటపడును; ఎర్రరుగా బయటపడిన వానినే దిద్ది, మారిపోయినవానిని అట్లే వదలివేయుట జరుగుచుండును. లక్షలలో మనము పెట్టు కామాలును ఇట్టివే: 1,00,000 అని వ్రాసినదానిని, కామాతో గడులను విడదీయు ప్రోగ్రాము మూడు వేర్వేఱు సంఖ్యలుగా చీల్చును. దస్త్రములోపల తేదీని సంవత్సరము, నెల, దినము అను వరుసలోను, సంఖ్యను కామాలు లేకయు దాచి, తెరపై చూపునప్పుడు మాత్రమే చదువరి అలవాటునకు తగినట్లు అలంకరించుట లోకమంతటను అంగీకృతమైన పద్ధతి. దీనికి అదనపు ఖర్చు లేదు.

ఈ దోషములు మన ఏజెన్సీ కొండలకే పరిమితములని తలంపరాదు. తుర్కీభాషలో చుక్కగల 'ఐ' యును చుక్కలేని 'ఐ' యును వేర్వేఱు అక్షరములు. చిన్న అక్షరములను పెద్దవిగా మార్చి పోల్చి చూచు ప్రోగ్రాములు, తుర్కీ అమరికలోని యంత్రముపై తమ పదములను తామే గుర్తుపట్టలేక పడిపోవుట ప్రోగ్రాములు వ్రాయువారందఱును ఎఱిగిన విషయము. మన తెలుగు లిపికే 2018 ఫిబ్రవరిలో లోకమంతయు వినునట్టి సంఘటన జరిగినది. జకారము, పొల్లు, ఞకారము, వాని తరువాత కంటికి కనబడని యొక విభాజక సంకేతము, ఆ పైన ఆత్వము, ఈ వరుసలో వచ్చిన "జ్ఞా" అను గుణింతమును చిత్రింపబోయి, ఐఓఎస్ 11.2.5 గల ఐఫోనులు కుప్పకూలినవి. ఆ యక్షరము గల సందేశమును తెరచిన ప్రోగ్రాము మరల తెరచుకొనకుండెను. ఆ విభాజకము లేని సాధారణమైన జ్ఞాకు ఏ హానియు లేదు. వంగలిపిలోను దేవనాగరిలోను కొన్ని సంయుక్తాక్షరములకు అదే దోషము కలదని పిదప తెలిసినది.

ఈ సంఘటనలో నేను ముఖ్యముగా గమనించినది దాని ముగింపు. ఆపిల్ సంస్థ తెలుగువారిని ఆ యక్షరము వ్రాయుట మానుడని గాని, ఫోనును ఇంగ్లీషులోనికి మార్చుకొనుడని గాని చెప్పి చేతులు దులుపుకొనలేదు. దోషము అక్షరమును చిత్రించు తన ప్రోగ్రాములో నున్నది గనుక దానినే దిద్ది, ఫిబ్రవరి 19వ తేదీననే 11.2.6 అను సవరణను లోకమంతటికిని పంపినది. ధనికదేశములలో అమ్ముడుపోవు ఫోనుల విషయమున ఇది సాధ్యమైనప్పుడు, మన రాష్ట్రము తన ప్రజల కొఱకు తన ధనముతో వ్రాయించుకొను ప్రోగ్రాముల విషయమున ఏల సాధ్యము కాదు?

ఇక మీ కార్యాలయమున నిత్యము వ్రాయబడు పేర్లనే తీసికొందము. ఒడియాలో రాయగడ అను పేరు చివర క్రింద చుక్క గల డకారము కలదు. యూనికోడులో దానిని రెండు విధముల వ్రాయవచ్చును: ఆ యక్షరమునకు ప్రత్యేకముగా నిచ్చిన ఒక్క సంకేతముతో వ్రాయవచ్చును, లేదా మామూలు డకారమును వ్రాసి దాని వెంట చుక్కను చేర్చవచ్చును. కంటికి రెండును ఒక్కటియే, యంత్రమునకు వేర్వేఱు. కొరాపుట్ అను పేరు మొదటనున్న ఓత్వమును అట్లే: ఒక్క సంకేతముగా నుండవచ్చును, లేదా కకారమునకు ముందు కనబడు భాగము, వెనుక కనబడు భాగము వేర్వేఱుగా రెండు సంకేతములై యుండవచ్చును. ఒక కీబోర్డు ఒక విధముగ, మఱియొక కీబోర్డు మఱియొక విధముగ పుట్టించును. ఒకరు ఎక్కించిన రాయగడను మఱియొకరు వెదకినచో "రికార్డు లేదు" అను సమాధానము వచ్చుటకు కారణమిదియే కావచ్చును. తెలుగులో ఐత్వమునకును ఇట్టి రెండు రూపములు కలవు.

దీనికి పరిష్కారమును యూనికోడు ప్రమాణమే చూపినది. సాధారణీకరణ మను ప్రక్రియ ద్వారా సమానరూపములన్నిటిని ఒకే రూపమునకు తెచ్చి దాచవలెను, వెదకునప్పుడును అట్లే చేయవలెను. ఎక్కువగా వాడబడు ఎన్ఎఫ్‌సీ అను రూపములో, వింతగా తోచినను, రాయగడలోని చుక్క డకారము రెండు సంకేతములుగా విడదీయబడును, కొరాపుట్టులోని ఓత్వము ఒకటిగా కలుపబడును. కావున "ఒక్క సంకేతమే శుద్ధము" అని గాని "విడదీసినదే శుద్ధము" అని గాని ఎవరి యూహను బట్టి వారు నియమము చేసికొనక, ప్రమాణములోని పట్టికనే అనుసరింపవలెను. ప్రోగ్రాము వ్రాయు భాషలలో దాదాపు అన్నిటియందును దీనికొక సిద్ధమైన ఆజ్ఞ కలదు. దానిని చేర్చుట ఒక్క పంక్తి పని.

ఒడియాకును తెలుగునకును ఈ పాటి రక్షణయైనను కలదు. సవరల స్థితి ఇంతకంటె కష్టమైనది. పర్లాకిమిడిలో నివసించిన గిడుగు వేంకట రామమూర్తి గారు ఏ ప్రతిఫలాపేక్షయు లేక ఆ భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును నిర్మించిరి. మన గుణుపుర ప్రాంతమున మంగేయి గొమాంగో గారు 1936 జూన్ 18వ తేదీన సొరాంగ్ సొంపెంగ్ అను లిపిని ఆ ప్రజలకు ప్రసాదించిరి. ఆ లిపి 2012లో వెలువడిన యూనికోడు 6.1లో చేరినది. కాని దాని యక్షరములు మూడు బైట్లలో ఇముడవు, ఒక్కొక్కటికి నాలుగు బైట్లు కావలయును. మైఎస్‌క్యూఎల్ అను ప్రసిద్ధమైన డేటాబేసులో చిరకాలము యూటీఎఫ్8 అను పేరిట చెలామణియైన అమరిక మూడు బైట్లకు మించిన యక్షరమును దాచలేదు. నాలుగు బైట్ల అమరిక వేఱు పేరుతో ఉన్నను, 2018లో వచ్చిన 8.0 రూపమునకు ముందు అది స్వతస్సిద్ధముగా అమలులోనికి వచ్చెడిది కాదు. అట్టి ప్రాత డేటాబేసుపై కట్టబడిన ప్రోగ్రాములో ఒక సవర బాలుడు తన పేరును తన లిపిలో వ్రాసినచో, గడి ఖాళీగా మిగులును గాని, చెల్లని యక్షరమని ఎర్రరు గాని వచ్చును. బొమ్మల రూపమున పంపుకొను ఎమోజీలలోను అత్యధికములు నాలుగు బైట్లవే. వాని కొఱకు లోకమున ఎన్నో సంస్థలు తమ డేటాబేసులను త్వరత్వరగా మార్చుకొన్నవి. ఒక జాతి లిపి కొఱకు ఆ పని చేయుట మనకు గౌరవము.

ప్రాతఫాంట్ల గొడవను పెంచను. ఒడియాకు 'ఆకృతి', తెలుగునకు 'అను', ఇవి ముద్రణాలయముల నేలిన కాలములో పుట్టిన దస్త్రములలో నున్నవి నిజమునకు లాటిన్ సంకేతములే గనుక, ఆ ఫాంటు లేనిచోట అవి అర్థము కావు. వానిని తగిన కన్వర్టరుతో యూనికోడులోనికి మార్చి భద్రపఱచుటయే మార్గము. రహస్యపదము చెల్లదని వచ్చువారిలోను కొందఱి విషయమున కీబోర్డు తెలుగులోనో ఒడియాలోనో నిలిచిపోయి యుండుటయే కారణము. అక్షరములకు బదులు చుక్కలు కనబడుటచే వారికది తెలియదు. రహస్యపదపు గడి ప్రక్కన కీబోర్డు భాషను చూపినచో చాలును.

ఎర్రరు మాటలను గూర్చి మాత్రము కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. యంత్రము తెలుగులోనో ఒడియాలోనో చెప్పిన దోషవాక్యమును పట్టుకొని పరిష్కారమును వెదకబోయినవానికి ఏమియు దొరకదు, ఏలయన పరిష్కారములు వ్రాసినవారు ఇంగ్లీషు వాక్యమునే ఉదాహరించియుందురు. ఈ కారణమును చూపి, దోషవాక్యములను అనువదింపనే కూడదనువారు కలరు. వారి మాట సగము మాత్రమే నిజము. దోషవాక్యము చదువువాని భాషలోనే యుండవలెను, దాని ప్రక్కన మారని యొక సంఖ్య యుండవలెను. విండోసులో దస్త్రము దొరకకపోవుట ఏ భాషలోనైనను 2వ సంఖ్యయే. దారి దొరకకపోవుట 3. అనుమతి లేకపోవుట 5. ఆ సంఖ్యను చెప్పగలిగిన సవర రైతుకును, ఢిల్లీలోని ఇంజనీరుకును మధ్య భాష అడ్డు రాదు. లినక్సు నెఱిగినవారు ఎల్‌సీ ఆల్ అను అమరికను ఒక్క ఆజ్ఞకు మాత్రమే వర్తింపజేసి, దోషవాక్యమును ఇంగ్లీషులో చూచి, యంత్రపు భాషను ముట్టుకొనకయే రోగమును గుర్తింతురు. ఆ మర్యాద అన్ని ప్రోగ్రాములకును అలవడవలెను.

మహోదయా, 1954 నాటి అధికారభాషా చట్టము ప్రకారము ఈ రాష్ట్రమునకు ఒడియా అధికారభాష. అట్టి రాష్ట్రములో యంత్రమును ఒడియాలో పెట్టుకొన్న పౌరునితో "ఇంగ్లీషుకు మార్చుకొనుము" అని చెప్పవలసి వచ్చుట ఆ చట్టమునకే లోటు. నేను తెలుగువాడనైనను ఒడియా కొఱకు కూడ ఇంతగా చెప్పుటకు కారణము, ఒడియా యంత్రముపై నిలువగల ప్రోగ్రాము తెలుగు యంత్రముపైనను నిలుచుననియు, ఒడియాకే చోటు లేనిచోట కువికిని సవరకును చోటుండదనియు నా యనుభవము నేర్పుటయే. ఆంధ్రప్రదేశ్ సరిహద్దుననున్న కొటియా పల్లెలలో రెండు రాష్ట్రముల కార్డులు కలవారు ఉన్నారని పత్రికలు పలుమార్లు వ్రాసినవి. అట్టివారి పేరు ఒక కార్డుపై ఒడియాలోను, ఒక కార్డుపై తెలుగులోను ఉండును. వారి సౌకర్యము ఏ యొక్క భాషను మాన్పించుటచేతను తీఱునది కాదు.

నేను మిమ్ము కోరునది ఒక నియమము. మీ శాఖ గాని, మీ శాఖకు సాంకేతిక విభాగముగా పనిచేయు ఒడిశా కంప్యూటర్ అప్లికేషన్ సెంటరు గాని, ఏ ప్రోగ్రామును స్వీకరించుటకు ముందైనను దానిని ఒడియా అమరికలోని యంత్రముపైనను, తెలుగు అమరికలోని యంత్రముపైనను, ఒడియా అక్షరములతో ఖాతా పేరు గల యంత్రముపైనను నడపి చూచి, ఆగినచో సొమ్ము చెల్లింపక వ్రాసినవారికే త్రిప్పి పంపవలెను. ఒప్పందపత్రములో ఈ వాక్యము చేరిన నాడు, సహాయ కేంద్రములో ఫోనెత్తు యువకుడు చేయలేని మార్పును, ప్రోగ్రాము వ్రాయు సంస్థ తనంతట తానే చేయును. దానితో పాటు, భాష మార్చుటచే తీఱిన ప్రతి ఫిర్యాదును "తీఱినది" అని మూసివేయక, "ప్రోగ్రాములో దోషము కలదు" అని వేఱుగా వ్రాసి, వ్రాసినవారికి చేర్చు ఏర్పాటు చేయవలెను. ఈ రెండవది మీరు రేపే ఆజ్ఞాపింపవచ్చును.

పరీక్షకు కావలసిన పేర్లను పంపుటకు నేను సిద్ధముగా నున్నాను: ఇంటిపేరు ముందుండు తెలుగు పేర్లు, ముప్పది బైట్లను దాటునవి, ఐత్వము గలవి, సొరాంగ్ సొంపెంగ్ లిపిలోనివి, పండ్రెండవ తేదీకి ముందును తరువాతను వచ్చు పుట్టినరోజులు. ఏ నిజమైన మనిషి వివరమును అందులో నుండదు. అవి చేరులోపల, మీ కార్యాలయములోని ఏ యంత్రముపైనైనను మా జిల్లా పేరును నేను పైన చెప్పిన రెండు విధములుగ ఒడియాలో వ్రాసి, మీ వెబ్‌సైట్లలోని వెదకు గడులలో ఒకదాని తరువాత నొకటిగా వేసి చూడుడు. రెండింటికిని ఒకే జాబితా వచ్చుచున్నదో లేదో మీకే తెలియును.

ఇట్లు
భవదీయుడు,
రాయగడలో కంప్యూటర్ల మరమ్మతు చేయు ఒక తెలుగు పౌరుడు